టెండరు దాకా వెలుగు

(సర్వేపల్లి రాధాకృష్ణన్ స్మారకోపన్యాస పాఠం, తిరుత్తణి)

రాధాకృష్ణన్ గారి పేరు మీద జరిగే సభలో వేదాంతం గురించో, విద్య గురించో మాట్లాడడం రివాజు. నేను టెండర్ల గురించి, బిల్లుల గురించి మాట్లాడబోతున్నాను. ఆయన స్మృతికి ఇది తగని విషయమేమీ కాదు. 1888లో ఈ తిరుత్తణిలో పుట్టిన ఆయన 1962 మే నుంచి అయిదేళ్లు రాష్ట్రపతిగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1964లో, అవినీతి నిరోధం మీద కె. సంతానం అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. పబ్లిక్ వర్క్స్ నిర్మాణాల్లో 7 నుంచి 11 శాతం ముట్టజెప్పడం మామూలైపోయిందని, అది అధికారుల మధ్య వాటాలుగా వెళ్తోందని తమతో చెప్పారని ఆ కమిటీ రాసింది. తమతో చెప్పారని మాత్రమే రాసింది, గమనించండి. ప్రభుత్వమే వేసిన కమిటీకి సైతం ఆ లెక్క కాగితాల మీద దొరకలేదు, చెవిన పడింది. 1967 గణతంత్ర దినోత్సవ సందర్భంలో జాతినుద్దేశించి మాట్లాడుతూ రాధాకృష్ణన్ గారు, ఎన్ని ఇబ్బందులున్నా దేశ వనరులను ఇంత అధ్వానంగా నిర్వహించడాన్ని క్షమించలేమని తన ప్రభుత్వం ముఖానే అన్నారు. అప్పటి నుంచి ఇప్పటికి చట్టాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఊరి రోడ్డుకు ఎంత ఖర్చయిందో తెలుసుకోవాలంటే ఊరివాడికి ఇప్పటికీ చెవిన పడే మాటే దిక్కు. ఎందుకిలా మిగిలిపోయిందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న అడగడానికి తిరుత్తణి కంటే తగిన చోటు లేదు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పటాస్కర్ తీర్పు అమల్లోకి వచ్చేదాకా ఇది చిత్తూరు జిల్లా. ఆ తర్వాత మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా; 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. ఈ చుట్టుపక్కల పళ్లిపట్టులో, ఆర్.కె. పేటలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, టెండరు కాగితంలో ఇంగ్లీషు. సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్నవాళ్లకు రెండు ప్రభుత్వాల తీరూ తెలుసు. పారదర్శకత విషయంలో ఈ రెండు రాష్ట్రాలూ వెనకబడినవి కావు. కేంద్రం కంటే ఎనిమిదేళ్లు ముందే, 1997లోనే, తమిళనాడు సమాచార హక్కు చట్టం చేసింది. అందులో ఇరవైకి పైగా మినహాయింపులు ఉండేవన్నది వేరే సంగతి. 1998లో టెండర్లలో పారదర్శకత చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. మరుసటి ఏడాది కర్ణాటక అదే బాట పట్టింది. ఇక ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. అంతకు ముందు టెండరు పెట్టె దగ్గర ఎవరి మనుషులు కాపలా కాస్తారో, షెడ్యూలు ఎవరికి దొరక్కుండా చేస్తారో కాంట్రాక్టర్ల లోకానికి బాగా తెలుసు. పెట్టె పోయి కంప్యూటరు రావడంతో ఆ దౌర్జన్యం చాలావరకు తగ్గింది. ఈ మేలును నేను తక్కువ చేసి చూపను.

కానీ ఆ మేలు ఎవరికి జరిగిందో చూడాలి. 1998 చట్టాన్ని, దాని కింద 2000లో వచ్చిన నియమాలను చదివితే మొదటి పేజీ నుంచీ మనకు ఎదురయ్యే మనిషి టెండరు వేసేవాడు. 2 కోట్ల రూపాయల లోపు పనికి కనీసం 15 రోజులు, ఆపైన 30 రోజులు గడువివ్వాలి. తగ్గిస్తే పై అధికారి కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. రాష్ట్రానికో బులెటిన్, జిల్లాకో బులెటిన్ ఉండాలి. ఓడినవాడికి అప్పీలు ఉండాలి. అన్నీ మంచి నియమాలే. ఒక కాంట్రాక్టరుకు, ఇంకో కాంట్రాక్టరుకు మధ్య అన్యాయం జరగకుండా చూసే నియమాలు అవి. డబ్బు ఎవరిదో ఆ పన్ను కట్టినవాడు, రోడ్డు ఎవరి ఇంటి ముందు వేస్తారో ఆ ఇంటివాడు ఈ చట్టంలో దాదాపు కనిపించరు. అందుకే మన పారదర్శకత టెండరు పిలవడంతో మొదలై వర్క్ ఆర్డరుతో ఆగిపోతుంది. అవినీతి మాత్రం అక్కడ ఆగదు. సిమెంటు పాళ్లు తగ్గేది, అయిదు అంగుళాల మందం మూడున్నర అయ్యేది, అదనపు పని పేరుతో అంచనా పెరిగేది, గడువు పొడిగించి జరిమానా మాఫీ చేసేది అన్నీ వర్క్ ఆర్డరు చేతికొచ్చాకే.

ప్రభుత్వ టెండర్ల పోర్టల్‌ను దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. తమిళనాడు వాడేది జాతీయ సమాచార కేంద్రం వాళ్ల సాఫ్ట్‌వేరే. చాలా రాష్ట్రాల్లో ఉన్నది అదే. వెతకబోతే ముందు వంకరటింకర అక్షరాల క్యాప్చా అడుగుతుంది. తర్వాత శాఖ, దాని కింద విభాగం, దాని కింద కార్యాలయం అంటూ మెట్లు దిగాలి. పని పేరు ఇంగ్లీషులో, సగం పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఊరి పేరు ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగు. గడువు ముగిసినవాటికి ఒక గది, ఫలితాలకు ఇంకో గది. ఓపిక పట్టి వెళ్తే ఎవరెవరు వేశారో, ఎవరు ఎంతకు వేశారో, ఎల్‌1, అంటే అందరికంటే తక్కువకు వేసినవాడు, ఎవరో కనిపిస్తుంది. ఒక్కొక్క టెండరుకే కనిపిస్తుంది. ఒక పంచాయతీ యూనియన్‌లో మూడేళ్లలో పడిన పేవర్ బ్లాక్ పనులన్నీ ఒక పట్టికగా దించుకుని, చదరపు మీటరు రేటు పక్క యూనియన్‌తో పోల్చాలంటే దారి లేదు. కాంట్రాక్టు దక్కించుకున్నవాడి పేరు తర్వాత తెర పడుతుంది. కొలతల పుస్తకంలో అసిస్టెంట్ ఇంజనీరు ఏం రాశారు, అది తనిఖీ చేసిందెవరు, మొదటి బిల్లు ఎప్పుడు, ఆఖరి బిల్లు ఎంత అన్నవేవీ అక్కడ ఉండవు. అవి ఎం-బుక్ అనే ఆ కొలతల పుస్తకంలో, ట్రెజరీలో ఉంటాయి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడక్కుండానే, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని సమాచారం వెల్లడించాలంటుంది. అయినా వీటి కోసం ఊరివాడు పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురు చూడాల్సిందే.

ఇది సాంకేతిక లోపమని, మెల్లగా సర్దుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఇదే ప్రభుత్వ వ్యవస్థ మరో చోట ఎంత వివరంగా చూపించగలదో మనకు తెలుసు. 2005 ఉపాధి హామీ చట్టం కింద చెరువు పూడిక తీసిన ఆడమనిషి పేరు, ఆమె జాబ్ కార్డు నంబరు, ఏ వారం ఎన్ని రోజులు పని చేసింది, ఎన్ని రూపాయలు వచ్చాయి అన్నీ మస్టర్ రోల్ సహా ప్రపంచమంతా చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఆ లెక్కలను గ్రామసభలో చదివించి సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది. కొన్ని వందల రూపాయల కూలి మీద అంత వెలుగు వేయగలిగినప్పుడు, కోటి రూపాయల బిల్లు మీద ఎందుకు వేయలేదు? చూపించే చేతకాక కాదు. ఎవరి లెక్క చూపించాలో, ఎవరిది దాచాలో తేల్చుకునే చోటే తేడా ఉంది. కూలీని అనుమానించడం మనకు అలవాటు. కాంట్రాక్టరును, అతని బిల్లు మీద సంతకం పెట్టేవాళ్లను అనుమానించడం మర్యాద కాదు.

ఆ అనుమానాన్ని వ్యవస్థలోనే పెట్టుకున్న చోటు ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. ఊత్తుకోట్టై దగ్గర తామరైకుప్పంలో కండలేరు కాలువ ఆంధ్ర సరిహద్దు దాటి తమిళనాడులోకి వస్తుంది. కండలేరు నుంచి అక్కడికి 152 కిలోమీటర్లు, అక్కడి నుంచి పూండి జలాశయానికి 25. జీరో పాయింట్ అంటారు దాన్ని. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ నీళ్లు ఎన్ని వచ్చాయో లెక్కగట్టేది ఆ చోటే. అటువైపు ఎంత వదిలారు, ఇటువైపు ఎంత చేరింది అని ప్రతి సీజన్‌లో వాదనలు నడుస్తాయి. దారిలో పోయిన నీటి మీద పేచీ ఉంది, ఒప్పందంలోని 12 టీఎంసీలు పూర్తిగా రాలేదన్న ఫిర్యాదు ఉంది. కానీ అంకె కనిపిస్తోంది కనకే ఆ వాదన సాధ్యమవుతోంది. ఇచ్చేవాడి మాటే లెక్క కాకుండా, పుచ్చుకునేవాడు కూడా కొలుచుకునే ఏర్పాటు ఉంది కనక నీటి లెక్క పేపర్లలో క్యూసెక్కులతో సహా వస్తుంది. ప్రజల డబ్బు విషయంలో పుచ్చుకునేవాడికి కొలబద్ద లేదు. రోడ్డు వేసినవాడు, కొలిచినవాడు, బిల్లు పాస్ చేసినవాడు అందరూ ఒకే వైపు నిలబడి ఉంటారు.

ఇప్పుడు ప్రభుత్వాల నిబద్ధత సంగతికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ కథే తీసుకోండి. ప్రభుత్వ జీవోలన్నీ చదువుకునే వెబ్‌సైట్ 2008లో మొదలైంది. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం అందులో జీవోలు పెట్టడం ఆపేసింది. జనం హైకోర్టుకు వెళ్లారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ తెరిచారు. ఇప్పుడు అదే కాలంలోని రెండో కథ వినండి. జీవోలు మూసిన ప్రభుత్వమే 2019లో న్యాయ సమీక్ష చట్టం తెచ్చింది: 100 కోట్లు, ఆపైన విలువైన మౌలిక వసతుల టెండర్లను ముందుగా ఒక న్యాయమూర్తికి చూపించాలి, పత్రాలు జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడగాలి. జీవోలు తెరిచిన ప్రభుత్వమే 2024లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఒకరు మూసింది ఒకరు తెరిచారు, ఒకరు తెరిచింది ఒకరు మూశారు. ఈ లెక్కలో ఏ పార్టీ గెలిచిందో తేల్చాలని చూడడం దండగ. ప్రతి ప్రభుత్వమూ పాత ప్రభుత్వపు ఫైళ్లు తెరవడానికి ఉత్సాహపడుతుంది, తన ఫైళ్ల దగ్గరికొచ్చేసరికి పాలనా సౌలభ్యం గుర్తుకొస్తుంది. ఇటువైపు చూస్తే, సమాచార హక్కులో దేశానికి దారి చూపిన తమిళనాడే 2008లో తన అవినీతి నిరోధక శాఖను ఆ హక్కు పరిధి నుంచి తప్పించింది.

ఢిల్లీ వేరేగా లేదు. 2011 సెప్టెంబరులో ఎనిమిది దేశాలు కలిసి బహిరంగ ప్రభుత్వ భాగస్వామ్యాన్ని (ఓపెన్ గవర్నమెంట్ పార్ట్‌నర్‌షిప్) మొదలుపెడితే, సన్నాహాల్లో పాలుపంచుకున్న భారత్ తీరా ప్రారంభానికి ముందు తప్పుకుంది. 2012లో డేటా పంచుకునే జాతీయ విధానం వచ్చింది, దాని కోసం వెబ్‌సైట్ వచ్చింది; అదే ఏడాది లోక్‌సభలో పెట్టిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు మాత్రం 2014లో సభతో పాటే మురిగిపోయింది. కేంద్రం కొనుగోళ్లు ఈనాటికీ ప్రధానంగా ఆర్థిక శాఖ నియమాల మీదే నడుస్తున్నాయి, చట్టం మీద కాదు. సమాచార కమిషనర్ల పదవీకాలాన్ని సమాచార హక్కు చట్టానికి చేసిన 2019 సవరణ కేంద్రం చేతిలో పెట్టింది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదన్నది పాత మాట. ఇప్పుడు ఆ షరతు పోయి, వ్యక్తిగతమైతే చాలు, కాదనవచ్చు. 8(2) కింద ప్రజాప్రయోజనం చూపించి అడిగే దారి మిగిలే ఉంది, నిజమే. అయితే ఆ ప్రయోజనాన్ని వాదించి ఒప్పించాల్సిన బరువు ఇక అడిగేవాడి మీదే పడుతుంది.

వీటన్నిటి నుంచి నేను తేల్చుకున్నది ఒక్కటే. ఇన్నాళ్లూ పారదర్శకత ప్రభుత్వం దయతో చేసే అదనపు పనిగా ఉంది. చేస్తే మెచ్చుకుంటాం, మానేస్తే కోర్టుకు వెళ్తాం, ఈలోగా డబ్బు మాత్రం ఎప్పటిలా వెళ్లిపోతూనే ఉంటుంది. వెల్లడించకపోతే ఏ బిల్లూ ఆగదు కాబట్టి వెల్లడించడం ఆగుతోంది. స్లొవేకియా 2011లో ఈ ముడిని మరోవైపు నుంచి విప్పింది. అక్కడ ప్రభుత్వ కాంట్రాక్టు వెబ్‌లో పెట్టేదాకా అమల్లోకి రాదు. మూడు నెలల్లో పెట్టకపోతే అసలు కుదరనట్టే లెక్క. వెల్లడి లేకపోతే నష్టపోయేది కాంట్రాక్టరే కనక, పెట్టారా లేదా అని అధికారుల వెంటపడేది అతనే. చిన్న దేశం, నిజమే. అక్కడ అవినీతి మాయమైందని కూడా నేను చెప్పను. కానీ ఆ ఏర్పాటులో ప్రభుత్వ నిబద్ధత మీద ఆధారపడాల్సిన పని తక్కువ. మన ఏర్పాటంతా దాని మీదే ఆధారపడి ఉంది.

దీనికి జోడించాల్సింది టెండరు నుంచి బిల్లు దాకా మారకుండా ఉండే ఒక నంబరు. ఆ నంబరు విలువేమిటో 2024లో పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వ్యవహారం చూపించింది. ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసి వివరాలు బయటపెట్టమంది. మొదట వచ్చినవి రెండు జాబితాలు: ఎవరు కొన్నారో ఒకటి, ఏ పార్టీ తీసుకుందో ఒకటి. రెండూ నిజాలే, రెండూ బహిరంగమే, అయినా ఎవరి బాండు ఎవరికి చేరిందో తెలియలేదు. బాండు మీది అక్షరాంకెల గుర్తు ఇవ్వాల్సిందేనని కోర్టు పట్టుబట్టాక, మార్చి 21న అవి వచ్చాక, పత్రికలు కూర్చుని రెండు జాబితాలనూ కలిపాయి. అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్న రెండు సంస్థల్లో ఒకటి తమిళనాడుది, ఒకటి హైదరాబాదుది కావడం వల్ల మన వైపు ఆ వార్తలు ఇంకా ఎక్కువ చదివారు. టెండర్ల విషయంలో మనం ఇంకా ఆ మొదటి వారంలోనే ఉన్నాం. పోర్టల్‌లో టెండరుకు ఒక ఐడీ, శాఖలో పనికి ఒక నంబరు, ట్రెజరీలో బిల్లుకు ఇంకో నంబరు. జనం వాటిని కలిపే దారి లేదు.

టెండరు నుంచి బిల్లు దాకా అన్నీ వెల్లడించాలనడం మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటిలో గట్టిది ఆలస్యం. న్యాయ సమీక్ష రద్దు చేసినప్పుడు చెప్పిన కారణమూ అదే. అందులో కొంత నిజముంది: ప్రతి పెద్ద పనీ ఒక్క మనిషి బల్ల మీదుగా పోవాలంటే కొన్ని రోజులు పడుతుంది, పైగా 100 కోట్ల గీత గీస్తే పళ్లిపట్టు యూనియన్‌లోని ఏ మురుగుకాలువా ఆ బల్ల దాకా రాదు. కానీ నేను అడిగేది ముందస్తు అనుమతి కాదు. కొలతలు ఎంటర్ చేసిన రోజే అవి బయటికి కనిపించడానికి అదనంగా ఒక్క రోజు కూడా అక్కర్లేదు. చిన్న ఆఫీసుల మీద పనిభారం అంటారు. తమిళనాడు ట్రెజరీ ఐఎఫ్‌హెచ్‌ఆర్‌ఎంఎస్ మీద, ఆంధ్ర ట్రెజరీ సీఎఫ్‌ఎంఎస్ మీద, అంటే కంప్యూటరు వ్యవస్థల మీదే, నడుస్తున్నాయి. బిల్లు ఒకసారి టైపు అయ్యాకే డబ్బు కదులుతోంది. టైపు చేసినదాన్ని చూపించమంటున్నాం, మళ్లీ టైపు చేయమనడం లేదు. వ్యక్తిగత వివరాలంటారు. కాంట్రాక్టరు ఇంటి అడ్రసు, బ్యాంకు ఖాతా ఎవరికీ అక్కర్లేదు. ప్రజల డబ్బుతో అతను చేసిన వ్యాపారం మాత్రం వ్యక్తిగతం ఎలా అవుతుంది? కూలీ పేరుకు లేని గోప్యత కంపెనీ పేరుకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకొకటి, కాస్త గుసగుసగా చెప్పే అభ్యంతరం: సమాచారం అడిగి బెదిరించి డబ్బు గుంజేవాళ్లు తయారయ్యారని. తయారయ్యారు, కాదనను. కానీ వాళ్లు అమ్ముకునేది ఇతరులకు దొరకని కాగితాన్ని. అదే కాగితం అందరికీ ఉచితంగా దొరికితే ఆ వ్యాపారం సాగదు. ఎవరూ చూడరన్న మాట కూడా వింటుంటాం. అందరూ చూడనక్కర్లేదు. ఓడిపోయిన పక్క కాంట్రాక్టరు చూస్తాడు, ఒక విలేకరి చూస్తాడు, లెక్కలొచ్చిన ఒక కాలేజీ పిల్ల చూస్తుంది. చెన్నైలో అరప్పోర్ ఇయక్కం అనే అవినీతి వ్యతిరేక సంస్థ వాళ్లు టెండరు పత్రాలు కూడగట్టుకుని కుమ్మక్కు ఆరోపణలతో ఫిర్యాదులు ఇచ్చింది ఇలా వరసగా చూడబట్టే. 2023 జనవరిలో ఉక్రెయిన్‌లో, యుద్ధం నడుస్తుండగానే, సైన్యానికి కొన్న గుడ్ల ధర చూసి ఒక పత్రిక నిలదీసింది. మందుగుండు రహస్యం కావచ్చు, గుడ్డు ధర ఎందుకు రహస్యం కావాలన్నది అక్కడివాళ్ల ప్రశ్న. కుమ్మక్కు బయట టీ కొట్టు దగ్గర జరుగుతుంది, వెబ్‌సైట్ ఏం చేస్తుందనే వాళ్లకు నా దగ్గర పూర్తి జవాబు లేదు; టీ కొట్టు దగ్గర ఒప్పుకున్న రేటు మాత్రం చివరికి బిల్లులోకి రాక తప్పదు. పక్కపక్క యూనియన్లలో ఒకే పనికి రేట్లు, గెలిచినవాళ్ల పేర్లు ఒకే పట్టికలో పడితే, ముగ్గురే వంతుల వారీగా గెలుస్తుంటే అది కనిపించి తీరుతుంది.

తిరువళ్లూరు జిల్లాకు ఇది ఇప్పుడు మరింత అవసరం. ఇక్కడి గ్రామ పంచాయతీల పదవీకాలం 2025 జనవరి 5తో ముగిసింది, ప్రత్యేకాధికారుల చేతికి పాలన వెళ్లింది. గ్రామసభలో నిలదీయడానికి ఎన్నికైన అధ్యక్షుడు లేని కాలంలో కూడా బిల్లులు ఆగవు. ఆరంభం ఎక్కడ చేయాలంటే నేను చట్టసభను చూపించను. జిల్లాలోని 14 పంచాయతీ యూనియన్లలో ఈ ఒక్క మార్పు చేయవచ్చు: బిల్లు సమర్పించే పేజీలో టెండరు ఐడీకి ఒక గడి, ఎం-బుక్ పేజీ స్కాన్‌కు ఒక గడి, పని జరిగిన చోటి ఫొటోకు ఒక గడి. మూడూ నిండి, ఊరివాళ్లు చూసే పేజీలో తమిళంలో, పళ్లిపట్టు, తిరుత్తణి వైపు తెలుగులో కూడా, పడితేనే సిస్టమ్ ఆ బిల్లును ట్రెజరీకి పంపాలి. బిల్లు పంపే అధికారి మీద నమ్మకం ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడ రాదు, గడి ఖాళీగా ఉంటే బిల్లు కదలదు. దీనికి కావలసింది ఆర్థిక శాఖ నుంచి ఒక ఉత్తర్వు, సాఫ్ట్‌వేరువాళ్లకు కొద్ది వారాల పని. అది రాకుండా అడ్డు చెప్పేది ఎవరో, ఏ కారణం చూపిస్తారో రాతపూర్వకంగా అడగడం మనం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.